బుడ్డ నిండినా, బండి నడిచినా ఒకటే చక్కెర

గుత్తి రోడ్డులో పెట్రోల్ బంకు దగ్గర బండి ఆపితే, వెనక కూర్చున్న మామ పంపు మీది స్టిక్కర్ కూడబలుక్కుని చదివాడు.

"ఈ20 అంటే ఏంది అల్లుడూ?"

"నూరు లీటర్లలో ఇరవై లీటర్లు ఇథనాల్ కలుపుతారు మామా. చెరుకు, మొక్కజొన్న, బియ్యం నుంచి తీసే స్పిరిట్."

"అంటే సారాయి."

"ఒక రకంగా సారాయే."

ఊరు దాటేదాకా మళ్లీ మాట్లాడలేదు. తర్వాత నా భుజం తట్టి అడిగాడు. "చెరుకు నుంచి తీసినారంటే నమ్ముతా. తీపి ఉండాది కాబట్టి సారాయి అయితాది. గడ్డి నుంచి కూడా తీస్తాండారని పేపర్లో రాసినారే, గడ్డిలో ఏముండాది? నమిలి చూసినావా ఎప్పుడైనా?"

నమిలాను. చిన్నప్పుడు పచ్చి జొన్న దంటును చెరుకులాగే ఒలిచి నమిలేవాళ్లం. రసం మింగి పీచు ఉమ్మేసేవాళ్లం. అదే దంటు ఎండి చొప్పై వామికెక్కాక నమిలితే చప్పగా ఉంటుంది. ఆ తీపిలో కొంత కంకికి పోయి గింజైంది, కొంత మొక్క బతకడానికే ఖర్చయింది. అయితే మేం ఉమ్మేసిన పీచు కూడా ఒకప్పుడు ఆ తీపే. మామ ప్రశ్నకు జవాబంతా అక్కడే ఉంది కానీ, బండి మీద చెప్పే జవాబు కాదది. ఆకు దగ్గర మొదలుపెట్టి గొట్టాల గుండా దిగి, శెనక్కాయ దగ్గర కాసేపు నిలబడి, ఆదోని మార్కెట్ చుట్టి వస్తే గానీ ముడి విడిపోదు.

ఆకు నుంచి వేరు దాకా

ఎండ, నీళ్లు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిపి ఆకు చక్కెర తయారుచేస్తుందని బళ్లో అందరం చదివాం. ఆ చక్కెర ఏమవుతుందన్నది మాత్రం పాఠాల్లో తొందరగా దాటిపోతారు. పగలు తయారైనదాంట్లో కొంత భాగాన్ని ఆకు పిండి పదార్థంగా మార్చి తనలోనే దాచుకుంటుంది. మిగతాది సుక్రోజ్‌గా మారి బయటికి ప్రయాణం కడుతుంది. చీకటి పడ్డాక దాచుకున్న పిండిని మళ్లీ కరిగించి పంపుతుంది. ఆకుకు రాత్రి షిఫ్టు కూడా ఉందన్నమాట.

సుక్రోజ్ అంటే మనం కాఫీలో వేసుకునే చక్కెరే. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ జతకడితే సుక్రోజ్. నేరుగా గ్లూకోజ్‌నే పంపొచ్చు కదా అనిపిస్తుంది. గ్లూకోజ్‌కు ఒక చివర దారిలో కనిపించే ప్రోటీన్లకు తగులుకునే గుణం ఉంది. సుక్రోజ్‌లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌ల అలాంటి చివరలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి దారిలో ఎవరితోనూ పేచీ పెట్టుకోకుండా పోతుంది. చాలా పంట మొక్కలు దూరప్రయాణానికి దీన్నే వాడతాయి.

మొక్కలో రెండు రకాల గొట్టాలుంటాయి. వేరు నుంచి నీళ్లు పైకెక్కేది జైలమ్, ఆకు నుంచి చక్కెర పోయేది ఫ్లోయమ్. చెట్టులో జైలమ్ అంటే కట్టె. ఫ్లోయమ్ బెరడుకు లోపల అంటుకుని పల్చగా ఉంటుంది. ఈ తేడా చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. బంక తెగులు తగిలిన చెట్టు మొదలు దగ్గర బెరడు పగిలి జిగురు కారుతుంది, గోకి చూస్తే లోపల గోధుమరంగులో కుళ్లిపోయి ఉంటుంది. ఆ కుళ్లు మొదలు చుట్టూ తిరిగిందంటే చెట్టు దక్కదు. లోపలి కట్టె గట్టిగానే ఉంటుంది, నీళ్లు కొన్నాళ్లు ఎక్కుతూనే ఉంటాయి. కానీ పైనుంచి చక్కెర దిగక వేర్లు పస్తులుండి చస్తాయి. ఇటలీలో మార్సెల్లో మాల్పీజీ 17వ శతాబ్దంలోనే చెట్టు బెరడును ఉంగరంలా చుట్టూ ఒలిచి చూశాడు. ఒలిచిన చోటుకు పైన బెరడు ఉబ్బింది. దిగాల్సింది దిగలేక అక్కడే పేరుకుంది.

చక్కెర ఊరికే కిందికి జారుతుందా అంటే, కాదు. కేసీ కెనాల్ సుంకేసుల నుంచి కడప వైపు వాలులో పారుతుంది. ఫ్లోయమ్‌కు వాలుతో పనిలేదు, అవసరాన్ని బట్టి పైకీ పోతుంది, కిందికీ పోతుంది. పోలిక కావాలంటే హంద్రీ-నీవా సరిపోతుంది. అక్కడ మల్యాల మొదలు కొన్ని చోట్ల కరెంటు ఖర్చుపెట్టి శ్రీశైలం నీళ్లు ఎత్తిపోస్తారు, ఎత్తిపోసిన ప్రతిసారీ ఆ తర్వాత కాలువలో వాటంతటవే పారతాయి. మొక్క కూడా ఖర్చంతా ఎక్కించే చోటే పెడుతుంది. ఆకు ఈనెల్లో గొట్టం పక్కనే ఉండే సహాయక కణాలు శక్తి ఖర్చుపెట్టి సుక్రోజ్‌ను లోపలికి తోస్తాయి. లోపల చక్కెర చిక్కనయ్యేసరికి పక్కనున్న జైలమ్ నుంచి నీళ్లు గుంజుకుంటుంది, గొట్టంలో వత్తిడి పెరుగుతుంది. అవతలి కొసన కాయో వేరో చక్కెరను దించుకుంటే నీళ్లు బయటికి పోయి అక్కడ వత్తిడి తగ్గుతుంది. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు పాకం పారుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ముంచ్ 1930లో చెప్పిన ఈ లెక్క మొత్తం మీద ఇప్పటికీ నిలబడింది. వత్తిడి సుమారు 10 బార్లు, అంటే కారు టైరులో ఉండేదానికి నాలుగైదు రెట్లు. వేగం గంటకు అర మీటరు నుంచి మీటరు దాకా.

టైరుకు నాలుగైదు రెట్లంటే నమ్మబుద్ధి కాదు. నమ్మాలంటే శెనక్కాయ చేనులో ఒక లేత కొమ్మ తిప్పి చూడాలి. అడుగున నల్లగా గుంపు కట్టి పేనుబంక ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే జిగట, చుట్టూ చీమల బారు. పేనుబంక తన సూదిలాంటి ముక్కును తిన్నగా ఫ్లోయమ్ గొట్టంలోకే దించుతుంది. పెద్దగా పీల్చాల్సిన పని కూడా లేదు, వత్తిడికి పాకం దానంతటదే కడుపులోకి వస్తుంది. దానికి కావాల్సింది పాకంలో కొంచెంగా ఉండే నైట్రోజన్ పదార్థాలు, అవి చాలినన్ని దొరకాలంటే చాలా పాకం తాగాలి. మిగిలిపోయిన చక్కెరను వెనక నుంచి వదిలేస్తుంది. ఆ జిగట అదే, చీమలు వచ్చేదీ దానికే. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనే శాస్త్రవేత్తలు ఇంకో ఉపాయం చేశారు. పేనుబంక ముక్కు దించాక పురుగును కోసేసి ముక్కును మాత్రం అలాగే వదిలారు. తెగిన కొసన పాకం చుక్కలు చుక్కలుగా ఊరింది. మనిషి చేసిన ఏ సూదీ అంత శుభ్రంగా ఆ గొట్టంలోకి దిగదు, అందుకే పరిశోధకులు ఈ పురుగుకు బాగా రుణపడ్డారు. రైతు సంగతి వేరు.

జిప్సం ఎందుకు వేస్తారు

శెనక్కాయ చిత్రమైన మొక్క. పువ్వు పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. పువ్వు వాడిన తర్వాత ఊడ ఒకటి కిందికి దిగి నేలలోకి పోయి, అక్కడ కొస ఉబ్బి బుడ్డ అవుతుంది. అంటే ఆకులో తయారైన చక్కెర కాండం గుండా దిగి, ఆ సన్నటి ఊడ గుండా మట్టిలోకి పోవాలి. విత్తనంలో దాదాపు సగం బరువు నూనె. ఆ నూనె కూడా దిగొచ్చిన చక్కెర నుంచి అక్కడే వండుకున్నది.

మన అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ పడాల్సినప్పుడు పడదు. ఊడలు దిగే సమయానికి నేల గట్టిపడిందంటే ఊడ లోపలికి పోలేదు, గాల్లోనే మాడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో వాన పడితే చెట్టు పచ్చగా, గుబురుగా పెరుగుతుంది. చూసేవాళ్లకు పంట బ్రహ్మాండంగా ఉన్నట్టే ఉంటుంది, పీకితే కాయలుండవు. ఆకు పని చేస్తూనే ఉంది, చక్కెర తయారవుతూనే ఉంది. దించుకునే కాయ లేకపోయేసరికి ఆ చక్కెర కొత్త కొమ్మలకు, ఆకులకు పోతోంది. పంట దిగుబడి ఆకు ఎంత వండిందన్నదాని మీదే ఆధారపడదు, అవతల గుంజుకునేవాళ్లు ఎంతమంది, ఎంత గట్టిగా గుంజుతున్నారన్నదీ లెక్కే. కాలువ చివరి భూముల రైతులకు ఈ సంగతి ఎలాగూ తెలుసు.

ఇక జిప్సం. పూత, ఊడ దశలో ఎకరాకు 200 కిలోలు మొదళ్ల దగ్గర వేయమని వ్యవసాయ శాఖవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. వేయకపోతే లొట్ట కాయలు, పైన తొక్క ఉంటుంది, లోపల గింజ ఉండదు. వేరు దగ్గర నేలలో కాల్షియం ఉన్నా ఇలా ఎందుకు జరుగుతుందంటే, కాల్షియం జైలమ్ నీళ్లలోనే ప్రయాణిస్తుంది. ఆ నీళ్లు ఎటు పోతాయంటే ఎక్కడ ఆవిరి పోతుంటే అటు, అంటే ఎండలో ఉన్న ఆకులకు. మట్టిలో ఉన్న కాయ నుంచి ఆవిరి పోదు, కాబట్టి ఆ నీళ్లు దాని దాకా రావు. కాయకు వచ్చేది ఫ్లోయమ్ పాకం. అందులో చక్కెర ఉంటుంది కానీ కాల్షియం ఉండీ లేనట్టే. తల్లిమొక్క పైనుంచి అన్నం పంపుతుంది, ఉప్పు పంపలేదు. ఆ ఉప్పు కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచి తన తొక్కతో తానే పీల్చుకోవాలి. అందుకే జిప్సం కాయలున్న చోటే పడాలి.

తలుపు తెరిచే దొంగ

చక్కెర కణం లోపలి నుంచి బయటికి రావాలంటే తలుపు కావాలి. పొరలో ఉండే ఈ తలుపుల్లాంటి ప్రోటీన్ల గుంపును అమెరికాలో వోల్ఫ్ ఫ్రోమర్ బృందం 2010లో బయటపెట్టింది. వాటికి 'స్వీట్' అనే పేరు కూడా వాళ్లు పెట్టిందే. ఆకులో ఫ్లోయమ్ పక్కన చక్కెరను బయటికి వదిలేదీ ఇవే, వరి పూతలో పుప్పొడికి, తర్వాత గింజకు అందించేదీ ఇవే.

తలుపున్న చోట దొంగ ఉంటాడు. కేసీ కెనాల్ కింద కర్నూలు సోనా వేసే మళ్లలో కొన్నేళ్లు ఆకు అంచుల నుంచి తెల్లబారి, గడ్డిరంగుకు తిరిగి, మడి మడంతా కాలినట్టు కనిపిస్తుంది. బాక్టీరియా ఎండాకు తెగులు. మనం కర్నూలు సోనా అనేది బీపీటీ 5204, సాంబ మసూరి. తినడానికి దాన్ని మించింది లేదు, ఈ తెగులుకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. ఈ బాక్టీరియా ఉండేది జైలమ్‌లో. అక్కడ నీళ్లే తప్ప తీపి అంతగా ఉండదు. అందుకని అది తన ప్రోటీన్ ఒకటి వరి కణంలోకి పంపుతుంది. ఆ ప్రోటీన్ కేంద్రకంలోకి పోయి 'స్వీట్' జన్యువుకు ముందుండే స్విచ్చు మీద కూర్చుని దాన్ని ఆన్ చేస్తుంది. మొక్కకు అవసరం లేకున్నా తలుపులు తయారై తెరుచుకుంటాయి, చక్కెర కణం బయటికి కారుతుంది. ఆ తీపి మీదే బాక్టీరియా పెరుగుతుందని పరిశోధకుల అవగాహన. తాళం పగలగొట్టడు, ఇంటివాళ్ల చేతే తీయిస్తాడు.

హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. అందులో ఈ తెగులును తట్టుకునే జన్యువులు మూడు కలిపారు, బయటి నుంచి చొప్పించి కాదు, సంకరం చేసి, డీఎన్ఏ గుర్తులు చూసి ఏరుకుంటూ. వాటిలో ఒకటి ఎక్స్ఏ13. అది వేరే జన్యువేమీ కాదు, 'స్వీట్11' అనే చక్కెర తలుపు జన్యువే, కాకపోతే ముందున్న స్విచ్చులో డీఎన్ఏ అక్షరాలు కాస్త మారాయి. బాక్టీరియా ప్రోటీన్ వచ్చి తడుముకుంటుంది, స్విచ్చు దొరకదు. తలుపు మాత్రం మొక్కకు అవసరమైనప్పుడు మామూలుగానే పనిచేస్తుంది. నాకు నచ్చిన సంగతేమిటంటే, అది చక్కెర తలుపని 2010లో తేలకముందే ఆ వంగడం రైతు మడిలో ఉంది. ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా తెలియకపోయినా, పనిచేస్తుందని తెలుసుకుని వాడుకున్నారు. వ్యవసాయంలో చాలా మంచి పనులు ఇలాగే జరిగాయి.

సంగటీ గ్లూకోజే, పంచే గ్లూకోజే

ఇప్పుడు చక్కెర చేరాల్సిన చోటుకు చేరింది. దాంతో మొక్క ఏం చేస్తుంది? గింజలో పిండిగానో నూనెగానో దాస్తుంది. కాండంలో, బెరడులో, దూదిలో గోడలు కడుతుంది. ఆ గోడల సరుకు పేరు సెల్యులోజ్. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ 1838లో కట్టె నుంచి దీన్ని వేరుచేసి చూశాడు.

రాగి సంగటిలోని పిండి, కట్టుకున్న నూలు పంచె రెండూ గ్లూకోజ్ గొలుసులే. తేడా ముడివేసే తీరులో ఉంది. పిండిలో పూసలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి కాబట్టి గొలుసు జంతికలా చుట్టుకుంటుంది. మధ్యలో ఖాళీలుంటాయి, మన నోట్లోని ఎంజైమ్ దూరి తెంపగలదు. సెల్యులోజ్‌లో ఒక పూస ఇటు, ఒక పూస అటు తిరగేసి గుచ్చుతుంది మొక్క. గొలుసు పుల్లలా నిటారుగా సాగుతుంది. ఆ పుల్లలు చీపురు కట్టలా ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుంటాయి, నీటిచుక్క కూడా మధ్యలో దూరదు. అలా ముడివేసిన దాన్ని తెంపే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. ఒక్క మెలిక తేడాతో ఒకటి అన్నమైంది, ఒకటి బట్టైంది.

ఈ గోడ కట్టడం ఎలా జరుగుతుందో తేటగా చూపించింది ఆదోని మార్కెట్‌కు బోరాల్లో వచ్చే పత్తే. దూదిలో ఒక్కో పోగు ఒకే ఒక కణం. విత్తనం పైచర్మంలోని కణం పువ్వు పూసిన రోజున ఉబ్బడం మొదలుపెట్టి, సుమారు మూడు వారాలు సాగి సాగి ఇంచుమించు అంగుళం పొడవవుతుంది. కంటికి కనిపించేంత పొడవున్న ఒకే కణం! ఆ తర్వాత లోపలి నుంచి పొర మీద పొరగా సెల్యులోజ్ నింపుకుంటుంది. కాయ పగిలేసరికి ఎండిన పోగులో తొంభై శాతానికి పైగా సెల్యులోజే మిగులుతుంది.

నింపే యంత్రం కణం పొరలోనే ఉంటుంది. ఆరు రేకుల పువ్వు ఆకారంలో ఉండే ఆ ప్రోటీన్ల గుంపు గ్లూకోజ్‌లను ఒకదాని వెంట ఒకటి గుచ్చుతూ ఒకేసారి ఎన్నో గొలుసులు వదులుతుంది. మొక్కల్లో ఈ యంత్రానికి సంబంధించిన జన్యువును మొదట పట్టుకున్నది పత్తి పోగులోనే, 1996లో డెబోరా డెల్మర్ ఉన్న బృందం. ఇంకో ఎంజైమ్ దిగొచ్చిన సుక్రోజ్‌ను ఆ యంత్రం పక్కనే విరిచి గ్లూకోజ్‌ను చేతికందిస్తుందని అంతకు ముందు ఏడాదే పత్తిలోనే చూపించారు. అంటే ఆకు పంపిన పాకానికీ దూది పోగుకూ మధ్య దూరం అంతే. యంత్రం గొలుసును వదులుతూ పొరలో తానూ కదులుతుంది. నిమిషానికి దాదాపు 300 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం దాటడానికి దానికి నాలుగు గంటలు పడుతుంది. ఆదోనిలో ఒక్కరోజు తూకానికి వచ్చే దూదంతా ఆ నడకతో తయారైందే.

పీచును మళ్లీ తీపి చేయడం

ఇక్కడికి వచ్చాక మామ ప్రశ్న సగం తేలింది. చొప్పలో ఉన్నది చక్కెరే, గోడగా బిగించిన చక్కెర. స్పిరిట్ చేయాలంటే ఆ గోడ విప్పాలి. తీపి దొరికితే తర్వాతి పని సులువు. తాటి గెల చెక్కితే కారే నీరా ఫ్లోయమ్ పాకమే, కుండలో ఈస్ట్ చేరి కొన్ని గంటల్లో కల్లు చేసేస్తుంది. ఇథనాల్ ఫ్యాక్టరీలో జరిగేదీ అదే పని, తర్వాత బట్టీ పెట్టి నీళ్లు తీసేస్తారు. చెరుకైతే రసం పిండి ఈస్ట్‌కు ఇస్తే చాలు, మొక్కజొన్న, బియ్యం అయితే పిండిని ముందు ఎంజైమ్‌తో విరగ్గొట్టాలి. గడ్డి దగ్గరే తిప్పలు.

తిప్పల్లో మొదటిది లిగ్నిన్. చొప్ప గోడలో సెల్యులోజ్ పుల్లలు వట్టిగా ఉండవు. ఇనుప కడ్డీల చుట్టూ కాంక్రీటు పోసినట్టు వాటి చుట్టూ లిగ్నిన్ పోసి ఉంటుంది. రెండోది, గోడలో సెల్యులోజ్‌తో పాటు ఉండే ఇంకో రకం గొలుసుల నుంచి ఐదు కార్బన్ల చక్కెర వస్తుంది. మామూలు ఈస్ట్ దాన్ని ముట్టదు. మూడోది ఎంజైమ్ ఖర్చు. సెల్యులోజ్‌ను తెంపే ఎంజైమ్‌లకు ఈరోజు పరిశ్రమ ఎక్కువగా వాడేది ట్రైకోడెర్మా రీసై అనే బూజు. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు డేరాలు కుళ్లిపోతుంటే కారణం వెతికితే దొరికింది. డేరాలు తిన్న బూజునే పట్టుకొచ్చి పనికి పెట్టుకున్నారు. అయినా ఈ ఎంజైమ్‌లు పిండి విరిచే ఎంజైమ్‌లంత చురుగ్గా పనిచేయవు, ఎక్కువ మోతాదు పోయాలి.

ఈ పని మొత్తం చేసే ఫ్యాక్టరీ ఒకటి మామ ఇంటి ముందు గాటికి కట్టేసి ఉంది. ఎద్దుకు కూడా సొంతంగా సెల్యులోజ్ తెంపే ఎంజైమ్ లేదు. దాని పొట్టలో మొదటి పెద్ద గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి, ఎంజైమ్ వాటిది. నెమరు వేయడమంటే గోడలు నలగ్గొట్టడం, ఫ్యాక్టరీలో ఆవిరి, యాసిడ్ పెట్టి చేసే మొదటి పని. ఎద్దుకు చివరికి అందేది చక్కెర కూడా కాదు, ఆ జీవులు చక్కెర తిని వదిలే ఆమ్లాలు. వాటిలో ముఖ్యమైనది వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లమే. లిగ్నిన్‌ను అదీ అరిగించుకోలేదు, అది పేడలో పోతుంది.

లిగ్నిన్ తక్కువుండే మొక్కల్ని పెంచితే సరిపోతుంది కదా? జొన్నలో, మొక్కజొన్నలో ఆకు నడిమి ఈనె గోధుమరంగులో ఉండే రకాలున్నాయి, వాటిలో లిగ్నిన్ తక్కువ, పశువులకు బాగా అరుగుతాయి. కానీ కొన్ని గాలికి పడిపోతాయి, దిగుబడీ తగ్గొచ్చు. సెల్యులోజ్ సరిగా కట్టలేని మొక్కల్ని ప్రయోగశాలల్లో చూస్తే వాటి జైలమ్ గొట్టాలు లోపలికి నలిగి కూలిపోతాయి, నీళ్లు పైకెక్కవు. మొక్క గోడ కట్టింది మన బండి కోసం కాదు, ఎండలో నిలబడటానికి. విప్పడం సులువైతే దాని పని దానికి చెడుతుంది. జీవ ఇంధన పరిశోధనంతా ఈ పేచీ చుట్టూనే తిరుగుతోంది.

అయినా ఫ్యాక్టరీలు కట్టారు. మన దేశంలో 2018 జీవ ఇంధన విధానం 2030కి పెట్టుకున్న 20 శాతం ఇథనాల్ లక్ష్యాన్ని తర్వాత 2025–26కి ముందుకు జరిపారు. అదే ఊపులో 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ వాళ్ల గడ్డి ఇథనాల్ ఫ్యాక్టరీ మొదలైంది. 900 కోట్లకు పైగా ఖర్చు. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి తీసుకుని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ ఇచ్చేలా కట్టారు. టన్నుకు 150 లీటర్లు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికి మూడింట రెండు వంతులే, కాబట్టి అది పెట్రోల్ లెక్కలో సుమారు 100 లీటర్లు. ఈ20లో శక్తి ఆరేడు శాతం తక్కువ ఉండటానికీ కారణం ఇదే. మైలేజీ తగ్గిందని మామ గొణిగేదాంట్లో కొంత నిజముంది.

పంజాబ్, హర్యానాల్లో గడ్డి తగలబెట్టి ఢిల్లీ దాకా పొగ పంపుతున్నారు కాబట్టి అక్కడ ఈ లెక్కకు అర్థముంది. కేసీ కెనాల్ కింద మిషన్ కోతలు వచ్చాక మన దగ్గరా కొందరు మడిలోనే గడ్డి కాలుస్తున్నారు. అలాంటి చోట ఆలోచించొచ్చు. అనంతపురం మెట్ట సంగతి వేరు. కరువు ఏళ్లలో చొప్ప లారీల్లో దూరం నుంచి తెప్పించుకుని, దొరక్క పశువుల్ని సంతకు తోలిన ఊళ్లు ఇవి. ఇక్కడ దాన్ని 'వ్యవసాయ వ్యర్థం' అని కాగితాల మీద రాసేవాళ్లు వామి ధర ఒకసారి అడిగి చూడాలి. శెనక్కాయ కట్టె, జొన్న చొప్ప తినేవాళ్లు మనకున్నారు, వాళ్లు పాలు, పేడ, సేద్యం తిరిగిస్తున్నారు.

ఇంకో లెక్క కూడా చూడాలి. పంట మీద పడిన ఎండలో మొక్క పట్టుకునేది నూటికి ఒకటి రెండు పాళ్లు. అందులోనూ కొంతే చొప్పలోకి పోతుంది, దాంట్లో కొంతే స్పిరిట్ అవుతుంది. ఓర్వకల్లు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర పరిచిన వెయ్యి మెగావాట్ల సోలార్ పలకలు అదే ఎండలో నూటికి పదిహేను, ఇరవై పాళ్లు కరెంటు చేస్తాయి. బండ్లు నడపడానికే అయితే రాయలసీమ ఎండను మొక్క గుండా తిప్పడం చాలా చుట్టుదారి. విమానాలకు, దూరం పోయే ఓడలకు ద్రవ ఇంధనం తప్పదు కాబట్టి ఆ పరిశోధన వద్దని అనను. కానీ మోటార్ సైకిల్ కోసం మెట్ట చేలో చొప్ప మీద కన్నేయడం నాకు సబబుగా తోచదు.

ఇదంతా ఒక ఆదివారం పొద్దున గాటి దగ్గర కూర్చుని విడతలు విడతలుగా మామకు చెప్పాను. పేనుబంక ముక్కు కోసిన కథ బాగా నచ్చింది. సెల్యులోజ్ యంత్రం దగ్గర కాసేపు నిద్రపోయాడు. చివర్లో ఒకటే అడిగాడు.

"మరి శెనక్కాయ పొట్టు? అది గొడ్లు కూడా తినవు గదా."

తినవు. ఆ తొక్కలో పావు వంతుకు పైగా లిగ్నినే, మట్టిలో కుళ్లకుండా గింజను కాపాడాలి కాబట్టి. ఎంజైమ్‌కు లొంగని ఆ లిగ్నినే మంటకు మాత్రం సెల్యులోజ్ కంటే ఎక్కువ వేడి ఇస్తుంది. దాన్ని స్పిరిట్ చేయడానికి ఎవరూ తంటాలు పడక్కర్లేదు. కాయలు కొట్టే మిల్లుల నుంచి పొట్టు లారీలకెత్తి, బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పంపుతూనే ఉన్నారు.

"అదైతే నాకూ తెలుసు," అన్నాడు మామ, లేచి చొప్ప కట్ట విప్పుతూ.